ఉబుంటు 22.04 లో సోర్స్ నుంచి కట్టిన గ్నూపీజీ 2.4: బిల్డ్ అయింది, నడవడం లేదు

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారమండీ.

ఆఫీసు డెస్క్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది. దాంతో వచ్చే గ్నూపీజీ (ఫైళ్లకి డిజిటల్ సంతకం, ఎన్‌క్రిప్షన్ చేసే ప్రోగ్రాం; కమాండ్ పేరు జీపీజీ) వర్షన్ 2.2.27. నేను బయటి ప్రాజెక్టుల టార్‌బాల్స్ (సోర్స్ కోడ్ మూటలు) సంతకాలు సరిచూస్తూ ఉంటాను కాబట్టి కీరింగ్‌లో (కీలు దాచే ఫైలులో) వేలకొద్దీ పబ్లిక్ కీలు పోగయ్యాయి. ఒక్క కీ చూపించమన్నా టెర్మినల్ చాలాసేపు కదలదు. 2.3 నుంచి కీబాక్స్‌డీ అని వేరే డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాం) వచ్చిందనీ, కీలన్నీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెడుతుందనీ చదివి 2.4 ని సోర్స్ నుంచి కడదామని కూర్చున్నాను.

కాన్ఫిగర్ (కట్టే ముందు కావలసినవన్నీ ఉన్నాయా అని చూసే స్క్రిప్ట్) మొదట్లోనే ఆగింది: సిస్టమ్‌లో ఉన్న లిబ్‌జీపీజీ-ఎర్రర్ అనే లైబ్రరీ పాతదట. దాని సోర్స్ తెచ్చి కట్టాను. వరసగా లిబ్‌జీక్రిప్ట్, లిబ్‌అసువాన్, లిబ్‌కేఎస్‌బీఏ, ఎన్‌పీటీహెచ్ కూడా కట్టేశాను. అన్నీ /యూఎస్ఆర్/లోకల్ లోకే వెళ్లాయి. ఆ తర్వాత గ్నూపీజీ కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ ఏ గొడవా లేకుండా అయిపోయాయి.

ఇప్పుడు జీపీజీ అని కొడితే వచ్చేది ఇది: "సింబల్ లుకప్ ఎర్రర్", ఆ పక్కన "అన్‌డిఫైన్డ్ సింబల్" అని జీపీజీఆర్‌టీ తో మొదలయ్యే ఏదో పేరు. కంపైల్ ఎక్కడా ఫెయిల్ కాలేదు. మరి నడిపేటప్పుడు సింబల్ (లైబ్రరీలోని ఫంక్షన్ పేరు) ఎందుకు దొరకడం లేదు?

పల్లెసీమ

నాకూ ఇదే ఎర్రర్ వచ్చింది, వదిలేసి 2.2 తోనే ఉన్నాను. ఫాలో అవుతున్నా.

నల్లమల (నంద్యాల)

24.04 కి ఎందుకు పోకూడదు? దాంట్లో 2.4.4 డిస్ట్రో ప్యాకేజీగానే ఉంది కదా. కారణం ఉంటే చెప్పండి, లేకుంటే ఇంత శ్రమ అక్కర్లేదు.

గోదారిగట్టు

ఆఫీసు స్కానర్ డ్రైవరు 22.04 దాటితే పనిచేయడం లేదండీ. ఈ మిషన్ ఇంకొన్నాళ్లు దీని మీదే ఉండాలి.

కరీంనగర్_కెర్నల్

అన్నా, గిదంతా ఎందుకు? కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ల కావాల్సిన వర్షన్ నంబర్ రాసి ఉంటది. దాన్ని తగ్గించి రాస్తే పాత లైబ్రరీతోనే బిల్డ్ అయితది. వేరే సాఫ్ట్‌వేర్‌లకు నేను గట్లనే చేసిన, మంచిగనే నడుస్తున్నయ్.

శ్రావ్య_ఎం (హైదరాబాద్)

కరీంనగర్ తమ్ముడూ, మ్యూజిక్ ప్లేయర్‌కి అలా చేస్తే మహా అయితే పాట ఆగుతుంది. క్రిప్టో సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఈ సలహా ఎవరికీ ఇవ్వకు. కోపంగా అనడం లేదు, కారణం ఉంది.

2006 లో డెబియన్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో ఒక మెమరీ చెకర్ ఇచ్చిన హెచ్చరికను పోగొట్టడానికి కోడ్‌లో రెండు చోట్ల లైన్లు కామెంట్ చేశారు. బిల్డ్ అయింది, ప్రోగ్రాం నడిచింది, కీలు తయారయ్యాయి, ఎన్‌క్రిప్షన్ కూడా జరిగింది. ఆ లైన్లు ర్యాండమ్ నంబర్ల జనరేటర్‌కి ఎంట్రోపీ, అంటే ఊహించలేని విలువలు, అందించేవి. అవి పోయాక మిగిలిన ఎంట్రోపీ దాదాపు ప్రాసెస్ ఐడీ ఒక్కటే. అంటే ఒక రకం మిషన్ మీద, ఒక సైజు కీకి పుట్టగల కీలు 32,768 కి మించవు. 2008 మే లో ప్రకటన వచ్చేదాకా డెబియన్, ఉబుంటు మిషన్ల మీద పుట్టిన ఎస్ఎస్‌హెచ్ (దూరపు మిషన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కీలు, సర్టిఫికెట్లు ఎన్నో అలాగే వాడకంలో ఉన్నాయి. ఏ ఎర్రరూ రాలేదు.

కాన్ఫిగర్ "ఈ వర్షన్ చాలదు" అంటే దానికి కారణం ఉంటుంది. ఆ నంబర్ మార్చి దాని నోరు నొక్కకూడదు.

గోదారిగట్టు గారూ, మీ సమస్య వేరు. కట్టేటప్పుడు హెడర్ ఫైళ్లు, లైబ్రరీ రెండూ /యూఎస్ఆర్/లోకల్ నుంచి వచ్చాయి. నడిపేటప్పుడు లోడర్ (ప్రోగ్రాంకి లైబ్రరీలు జతచేసేది) పాత లైబ్రరీని ఎత్తుతోంది. ఏ లైబ్రరీ ఎక్కడ్నుంచి వస్తోందో చూపించే ఎల్‌డీడీ కమాండ్‌కి /యూఎస్ఆర్/లోకల్/బిన్/జీపీజీ ఇచ్చి, వచ్చింది ఇక్కడ పెట్టండి. "టైప్ -ఎ జీపీజీ" కూడా కొట్టండి.

గోదారిగట్టు

టైప్ -ఎ రెండు చూపిస్తోంది: ముందు /యూఎస్ఆర్/లోకల్/బిన్/జీపీజీ, తర్వాత /యూఎస్ఆర్/బిన్/జీపీజీ.

ఎల్‌డీడీలో ముఖ్యమైనవి:

లిబ్‌జీక్రిప్ట్.ఎస్ఓ.20 => /లిబ్/ఎక్స్86_64-లినక్స్-గ్నూ/లిబ్‌జీక్రిప్ట్.ఎస్ఓ.20
లిబ్‌జీపీజీ-ఎర్రర్.ఎస్ఓ.0 => /లిబ్/ఎక్స్86_64-లినక్స్-గ్నూ/లిబ్‌జీపీజీ-ఎర్రర్.ఎస్ఓ.0

మీరన్నట్టే రెండూ సిస్టమ్‌వి. నేను కట్టినవి ఒక్కటీ లేవు.

నల్లమల

అదే చిక్కు. ఫైల్ పేరు చివర ఉన్న ఆ 20, 0 చూడండి. లిబ్‌జీక్రిప్ట్ 1.9 అయినా 1.10 అయినా ఎస్ఓ నంబర్ 20 మారలేదు. లోడర్‌కి పేరు మాత్రమే తెలుసు, లోపల ఏ వర్షన్ ఉందో తెలియదు. ఆ పేరుతో క్యాష్‌లో ముందు ఏది దొరికితే దాన్నే ఎత్తుతుంది. కొత్త లైబ్రరీలో ఉండి పాతదాంట్లో లేని ఫంక్షన్‌ని జీపీజీ అడిగేసరికి అన్‌డిఫైన్డ్ సింబల్.

లైబ్రరీలు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు లిబ్‌టూల్ పెద్ద గీతల మధ్య ఒక నోటీసు పెడుతుంది, "లైబ్రరీలు ఇక్కడ పెట్టాం, లోడర్‌కి దారి చూపించండి" అని. స్క్రీన్ మీద పరుగెత్తి పోతుంది కాబట్టి ఎవరూ చదవరు. మేక్ ఇన్‌స్టాల్ సిస్టమ్ లోడర్ క్యాష్‌ని తిరిగి కట్టదు. "సుడో ఎల్‌డీకాన్ఫిగ్" మనమే కొట్టాలి.

గోదారిగట్టు

కొట్టాను. జీపీజీ లేచింది! --వర్షన్ ఇస్తే 2.4, కింద లిబ్‌జీక్రిప్ట్ కూడా నేను కట్టిన వర్షనే చూపిస్తోంది. చాలా థాంక్సండీ నల్లమల గారూ.

ఫెడోరా_ఫణి

ఫెడోరాలో ఉన్నవాళ్లకి ఒక మాట: మన దగ్గర /యూఎస్ఆర్/లోకల్/లిబ్ లోడర్ దారిలోనే ఉండదు. ఉత్త ఎల్‌డీకాన్ఫిగ్ కొడితే ఏమీ మారదు. /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ లో ఒక ఫైలు పెట్టి అందులో ఆ దారి రాశాక కొట్టాలి.

శ్రావ్య_ఎం

ఆగండాగండి. ఇక్కడితో అయిపోయిందని థ్రెడ్ మూసేయకండి. అసలు ప్రమాదం ఇప్పుడు మొదలైంది.

ఉబుంటులో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ లోడర్ దారిలో ఉండడమే కాదు, సిస్టమ్ లైబ్రరీల డైరెక్టరీ కంటే ముందుంటుంది. ఆ ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టిన క్షణం నుంచి మీ జీపీజీ ఒక్కటే కాదు, లిబ్‌జీక్రిప్ట్ వాడే ప్రతి ప్రోగ్రామూ మీరు కట్టినదాన్నే ఎత్తుతుంది. నమ్మకం లేకపోతే ఏపీటీ (ఉబుంటు ప్యాకేజీలు దించి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం) లైబ్రరీ మీద, అంటే లిబ్‌ఏపీటీ-పీకేజీ ఫైలు మీద ఎల్‌డీడీ కొట్టి చూడండి.

గోదారిగట్టు

చూశాను.

లిబ్‌జీక్రిప్ట్.ఎస్ఓ.20 => /యూఎస్ఆర్/లోకల్/లిబ్/లిబ్‌జీక్రిప్ట్.ఎస్ఓ.20

ఏపీటీ కూడా నా బిల్డ్ మీద నడుస్తోందా! నేను మేక్ చెక్ (బిల్డ్‌ని పరీక్షించే కమాండ్) కూడా కొట్టలేదు వాటికి.

శ్రావ్య_ఎం

అదే నా భయం. ప్యాకేజీల హ్యాష్‌లు సరిచూసే పని ఏపీటీ చేసేది లిబ్‌జీక్రిప్ట్‌తోనే. రేపు లిబ్‌జీక్రిప్ట్‌లో లోపం దొరికితే ఉబుంటు వాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్ ఇస్తారు, మీ మిషన్ దాన్ని దించుకుంటుంది, "అంతా తాజా" అని చెబుతుంది. కానీ లోడర్ ఎత్తేది /యూఎస్ఆర్/లోకల్ లో ఉన్న పాత బిల్డ్‌నే. ప్యాచ్ డిస్క్ మీద ఉంటుంది, ఎవరూ వాడరు.

ఇది ఊహ కాదు. 2021 జనవరి 19 న లిబ్‌జీక్రిప్ట్ 1.9.0 వచ్చింది. అందులో హీప్ బఫర్ ఓవర్‌ఫ్లో ఉందని గూగుల్ ప్రాజెక్ట్ జీరోకి చెందిన టావిస్ ఆర్మండీ పట్టుకున్నాడు. సంతకం సరిచూడక ముందే, ఉత్త డేటా డీక్రిప్ట్ చేస్తుండగానే దాడికి దారి ఇచ్చే లోపం అది. అదే నెల 29 న 1.9.1 విడుదల చేసి, 1.9.0 వాడొద్దని చెప్పారు. ఆ పది రోజుల్లో ముచ్చటపడి దాన్ని సోర్స్ నుంచి కట్టుకుని /యూఎస్ఆర్/లోకల్ లో పెట్టి మర్చిపోయినవాళ్లని ఏ అప్‌డేట్ మేనేజరూ హెచ్చరించదు.

కాబట్టి నా సలహా: ఆ ఐదు లైబ్రరీలూ /యూఎస్ఆర్/లోకల్ నుంచి తీసేయండి. సోర్స్ డైరెక్టరీలు ఇంకా ఉంటే ఒక్కోదాంట్లోకి వెళ్లి "సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్", ముందు గ్నూపీజీ, తర్వాత లైబ్రరీలు. చివర్లో మళ్లీ ఎల్‌డీకాన్ఫిగ్. ఏపీటీ మీద ఎల్‌డీడీ కొట్టి పాత దారి తిరిగొచ్చిందో లేదో చూసుకున్నాకే తర్వాతి అడుగు.

కరీంనగర్_కెర్నల్

అక్కా, డెబియన్ సంగతి నాకు ఎర్కలేకుండె. ఇప్పుడే చదివిన. నంబర్ మార్చుడు ముచ్చట ఎవలూ పట్టించుకోకుండ్రి.

ఒక డౌట్: ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (లోడర్‌కు లైబ్రరీల దారి చెప్పే వేరియబుల్) పెట్టి జీపీజీ ఒక్కదాన్నే నడిపిస్తే సరిపోదా? సిస్టమ్‌ల ఏదీ మారది గదా.

నల్లమల

టెస్టు చేసి చూడడానికి సరిపోతుంది. రోజూ వాడకానికి వద్దు. ఆ వేరియబుల్ షెల్‌లో పెడితే ఆ షెల్ నుంచి లేచే ప్రతి ప్రోగ్రాంకీ అంటుకుంటుంది. పైగా జీపీజీ ఒక్కటే కాదు కదా, జీపీజీ-ఏజెంట్ (సీక్రెట్ కీలు చూసుకునేది), డిర్‌మంగర్ (కీసర్వర్లతో మాట్లాడేది), కీబాక్స్‌డీ, ఎస్‌సీ-డీమన్ (స్మార్ట్‌కార్డులది) అన్నీ వేరువేరు ప్రాసెస్‌లు. డెస్క్‌టాప్ మెనూ నుంచి ఏదైనా లేస్తే దానికి ఆ వేరియబుల్ అందదు. సగం కొత్త, సగం పాత.

మ్యూనిక్_తెలుగు

దీనికి గ్నూపీజీ వాళ్లే ఒక దారి ఇచ్చారు, టార్‌బాల్‌లోని రీడ్‌మీలో ఉంది. బిల్డ్-ఆక్స్ డైరెక్టరీలో స్పీడో.ఎంకే అని మేక్‌ఫైల్ ఉంటుంది. "మేక్ -ఎఫ్ బిల్డ్-ఆక్స్/స్పీడో.ఎంకే నేటివ్" అంటే కావలసిన లైబ్రరీలన్నీ తానే దించుకుని, ఒకదానికొకటి సరిపోయే వర్షన్లతో మొత్తం కడుతుంది. తర్వాత అదే మేక్‌ఫైల్‌ని "ఇన్‌స్టాల్" తో పిలిచి సిస్‌రూట్‌గా /యూఎస్ఆర్/లోకల్/గ్నూపీజీ24 లాంటి సొంత డైరెక్టరీ ఇవ్వాలి. బైనరీలు తమ పక్కనున్న లిబ్ డైరెక్టరీనే చూసేలా దారి వాటి లోపలే రాసి ఉంటుంది. అందుకే ప్యాచ్‌ఎల్ఫ్ అనే చిన్న పనిముట్టు ముందుగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. సిస్టమ్ లోడర్‌ని ముట్టుకోనక్కర్లేదు.

దించే జాబితా సంతకాన్ని సరిచూడడానికి సిస్టమ్‌లోని జీపీజీవీ కావాలి. అంటే పాత జీపీజీని తీసేయకండి. కొత్తదాన్ని నమ్మడానికి పాతదే ఆధారం.

శ్రావ్య_ఎం

మ్యూనిక్ గారు చెప్పింది సరైన దారి. కట్టే ముందు లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్, లిబ్‌గ్నూటీఎల్ఎస్28-డెవ్ ప్యాకేజీలు వేసుకోండి. మొదటిది లేకపోతే కీబాక్స్‌డీ తయారవదు, మీరు ఇంత చేస్తున్నదే దానికోసం. రెండోది లేకపోతే కీసర్వర్‌తో టీఎల్ఎస్ మీద మాట్లాడలేరు. కాన్ఫిగర్ చివర్లో అవును-కాదు పట్టీ ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని దాటేసి మేక్ కొడతారు. ఆ పట్టీలో కీబాక్స్‌డీ, టీఎల్ఎస్ వరుసలు చదవకుండా ముందుకెళ్లకండి.

ఇంకోటి, ఏం ముట్టుకునే ముందైనా హోమ్‌లోని .గ్నూపీజీ డైరెక్టరీ మొత్తం వేరే డిస్క్ మీదకి కాపీ చేయండి. సీక్రెట్ కీలు ప్రైవేట్-కీస్-వీ1.డీ లో ఉంటాయి. రివొకేషన్ (కీ రద్దు చేసే) సర్టిఫికెట్లు ఓపెన్‌పీజీపీ-రెవాక్స్.డీ లో ఉంటాయి. అవి పోతే తిరిగిరావు.

పల్లెసీమ

టార్‌బాల్ సంతకం సరిపోతే ఇక భయం లేనట్టేనా? ఎక్స్‌జెడ్ (ఫైళ్లు కుదించే ప్రోగ్రాం) లో బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, బయటపడ్డ గొడవ తర్వాత నాకు సోర్స్ అంటేనే అనుమానంగా ఉంది.

మ్యూనిక్_తెలుగు

మంచి ప్రశ్న. సంతకం చెప్పేది ఒక్కటే: ఈ ఫైలు ఆ కీ ఉన్న మనిషి దగ్గర్నుంచి, మధ్యలో ఎవరూ మార్చకుండా వచ్చింది. ఆ మనిషి మంచివాడో కాదో చెప్పదు.

ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 విషయంలో బ్యాక్‌డోర్ పెట్టింది విడుదల చేసే హక్కున్న మెయింటెయినరే. దాన్ని లేపే ఎం4 స్క్రిప్టు విడుదల టార్‌బాల్‌లో ఉంది, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచేది) రెపాజిటరీలో లేదు. సంతకం చూసినవాళ్లకి అంతా సవ్యంగానే కనపడింది. 2024 మార్చి 29 న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆయన, సెక్యూరిటీ ఆయన వృత్తి కాదు.

అలాగని సంతకం చూడడం మానేయకూడదు. మిర్రర్ (నకలు) సర్వర్‌లో ఎవరో ఫైలు మార్చడం లాంటి మామూలు దాడులన్నిటినీ ఆపేది ఆ సంతకమే. కాకపోతే కొత్త వర్షన్ వచ్చిన గంటలోనే ఎగబడకుండా కొంచెం ఆగి కట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. సెక్యూరిటీ ప్యాచ్ అయితే మాత్రం ఆగకండి.

గోదారిగట్టు

పాతవన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేశాను. ఏపీటీ మళ్లీ సిస్టమ్ లైబ్రరీ మీదకి వచ్చింది. స్పీడోతో కట్టాను, మేక్ చెక్ కూడా నడిపాను, పాస్ అయింది. /యూఎస్ఆర్/లోకల్/గ్నూపీజీ24/బిన్ ని .ప్రొఫైల్ లో పాత్‌కి ముందు చేర్చాను. ఎల్‌డీడీలో అన్నీ ఆ డైరెక్టరీ నుంచే.

కానీ ఏ కమాండ్ కొట్టినా ఈ హెచ్చరిక: "జీపీజీ-ఏజెంట్ సర్వర్ మనకంటే పాతది", పక్కన 2.2.27 అని. "జీపీజీకాన్ఫ్ --కిల్ ఆల్" కొట్టమని అదే చెబుతోంది. కొట్టాను. మళ్లీ అదే. మిషన్ రీస్టార్ట్ చేసినా అదే. చంపిన ఏజెంట్ తిరిగి ఎలా లేస్తోంది?

కరీంనగర్_కెర్నల్

దీనికి నేను చెప్త, గిది నాకు బాగ ఎర్క. లేపుతున్నది సిస్టమ్‌డీ, అంటే లినక్స్‌ల సర్వీసులను నడిపేది.

డెబియన్, ఉబుంటుల ప్రతి యూజర్‌కు జీపీజీ-ఏజెంట్.సాకెట్ అని ఒక యూనిట్ ఉంటది. /రన్/యూజర్/1000/గ్నూపీజీ కింద ఎస్.జీపీజీ-ఏజెంట్ అనే సాకెట్ మీద సిస్టమ్‌డీయే చెవి పెట్టుకొని కూసుంటది. నీ కొత్త జీపీజీ ఆ సాకెట్‌ను తట్టంగనే అది /యూఎస్ఆర్/బిన్ ల ఉన్న పాత ఏజెంట్‌ను లేపుతది. నువ్వు ఎన్నిసార్లు చంపినా మళ్ల తట్టినప్పుడు మళ్ల పాతదే లేస్తది. పాత్ మార్చినా లాభం లేదు, యూనిట్ ఫైల్ల పూర్తి దారి రాసి ఉంటది.

"సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ మాస్క్ --నౌ" కొట్టి ఇవన్నీ ఇయ్యి: జీపీజీ-ఏజెంట్.సాకెట్, జీపీజీ-ఏజెంట్-ఎస్ఎస్‌హెచ్.సాకెట్, జీపీజీ-ఏజెంట్-ఎక్స్‌ట్రా.సాకెట్, జీపీజీ-ఏజెంట్-బ్రౌజర్.సాకెట్, జీపీజీ-ఏజెంట్.సర్వీస్, డిర్‌మంగర్.సాకెట్. ఉత్త డిసేబుల్ చేస్తే చాలదు, మాస్కే (ఎవలు పిలిచినా లేవకుండ మూసుడు) చెయ్యాలె. తర్వాత కొత్త జీపీజీకాన్ఫ్‌తోని ఒక్కసారి కిల్ ఆల్. ఆ మీద జీపీజీ పిలిస్తే తన పక్కనున్న కొత్త ఏజెంట్‌నే లేపుకుంటది.

సుడో పెట్టకు, ఇది యూజర్ యూనిట్.

శ్రావ్య_ఎం

చక్కగా చెప్పావు తమ్ముడూ, నేనూ ఇదే రాయబోతున్నాను. ఒక్క చేర్పు: ఎస్ఎస్‌హెచ్ కీల కోసం జీపీజీ-ఏజెంట్‌ని వాడేవాళ్లు ఎస్ఎస్‌హెచ్ సాకెట్ మాస్క్ చేశాక లాగిన్ స్క్రిప్టులో "జీపీజీకాన్ఫ్ --లాంచ్ జీపీజీ-ఏజెంట్" పెట్టుకోవాలి. ఎస్ఎస్‌హెచ్ తనంతట తాను ఏజెంట్‌ని లేపదు.

గోదారిగట్టు

హెచ్చరిక పోయింది! కరీంనగర్ గారూ, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు, చాలా థాంక్స్.

ఇప్పుడు సంతకం చేయబోతే "నో పిన్‌ఎంట్రీ" అంటోంది. పాస్‌ఫ్రేజ్ పెట్టె రావడమే లేదు.

నల్లమల

ఇది తేలిక. కొత్త ఏజెంట్ పిన్‌ఎంట్రీని (పాస్‌ఫ్రేజ్ అడిగే ప్రోగ్రాంని) తన డైరెక్టరీలోనే వెతుకుతోంది, అక్కడ లేదు. హోమ్‌లోని .గ్నూపీజీ లో జీపీజీ-ఏజెంట్.కాన్ఫ్ తెరిచి ఒక వరుస రాయండి: పిన్‌ఎంట్రీ-ప్రోగ్రాం /యూఎస్ఆర్/బిన్/పిన్‌ఎంట్రీ-గ్నోమ్3. తర్వాత "జీపీజీ-కనెక్ట్-ఏజెంట్ రీలోడ్‌ఏజెంట్ /బై".

బయటి నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో వచ్చి సంతకం చేసేటట్టయితే పిన్‌ఎంట్రీ-కర్సెస్ పెట్టుకోవాలి. అప్పుడు "ఇన్‌అప్రోప్రియేట్ ఐఓసీటీఎల్" అని ఇంకో ఎర్రర్ రావచ్చు. ఏజెంట్‌కి మీ టెర్మినల్ ఏదో తెలియక అది. జీపీజీ_టీటీవై వేరియబుల్‌కి టీటీవై కమాండ్ ఇచ్చే విలువని .బ్యాష్‌ఆర్‌సీ లో ఎగుమతి చేస్తే పోతుంది.

పల్లెసీమ

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. పాస్‌ఫ్రేజ్ తెలుగులో పెట్టుకోవచ్చా? తెలుగు వాక్యమైతే నాకు బాగా గుర్తుంటుంది, బయటివాళ్లు ఊహించలేరు.

మ్యూనిక్_తెలుగు

పెట్టుకోవచ్చు, యూటీఎఫ్-8 లో వెళుతుంది, ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్ మూడు బైట్లు. కానీ నేను వద్దనే చెబుతాను. రెండు కారణాలు.

మొదటిది, పాస్‌వర్డ్ పెట్టెల్లో ఐబస్ లాంటి ఇన్‌పుట్ పద్ధతులు చాలాచోట్ల ఆగిపోతాయి. ఈ రోజు టైప్ అయిన అక్షరం రేపు రెస్క్యూ డిస్క్ మీద టైప్ కాకపోవచ్చు.

రెండోది ఇంకా గట్టిది. "బస్" అని రాసి ఊరుకోవచ్చు, "బస్" తర్వాత కనపడని జీరో విడ్త్ నాన్-జాయినర్ కూడా పడవచ్చు. కంటికి రెండూ ఒకటే. కొన్ని కీబోర్డులు పదం చివర పొల్లు రాగానే దాన్ని తామే చేర్చేస్తాయి, కొన్ని చేర్చవు. ఐత్వం కూడా అంతే: ఒకే కోడ్‌గా రావచ్చు, ఎత్వం ప్లస్ కింది గుర్తుగా రెండు కోడ్‌లుగా రావచ్చు. జీపీజీ వచ్చిన బైట్లని వచ్చినట్టే తీసుకుంటుంది. ఒక్క బైటు తేడా వచ్చినా "పాస్‌ఫ్రేజ్ తప్పు". ఫోన్ మార్చినా కీబోర్డ్ మార్చినా మీ కీ మీకే తెరుచుకోదు.

అదే తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో మీకు అలవాటైన స్పెల్లింగ్‌తో రాసుకోండి. పదాలు ఎక్కువ ఉండాలి, సామెతో పాట పల్లవో కాకూడదు. కీ మీద పేరు మాత్రం తెలుగులో నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఓపెన్‌పీజీపీలో యూజర్ ఐడీ యూటీఎఫ్-8 లోనే ఉండాలని ప్రమాణం. లొకేల్ సరిగా లేని టెర్మినల్‌లో వంకర కోడ్‌లుగా కనపడితే కంగారుపడకండి, కీ బాగానే ఉంటుంది.

గోదారిగట్టు

పిన్‌ఎంట్రీ వచ్చింది, సంతకం పడింది. కీబాక్స్‌డీకి మారాను, కీ వెతకడం ఇప్పుడు రెప్పపాటులో అవుతోంది. ఇన్నాళ్ల బాధ తీరింది అనుకునేలోగా ఇది: నిన్న కొత్తగా దిగుమతి చేసుకున్న కీతో ఉన్న ఒక గిట్ ట్యాగ్‌ని సరిచూడబోతే "నో పబ్లిక్ కీ". టెర్మినల్‌లో అదే కీ కనపడుతోంది. నా పాత కీలన్నీ గిట్‌కి కనపడుతున్నాయి, కొత్తవి కనపడటం లేదు.

శ్రావ్య_ఎం

గిట్ ఇంకా పాత జీపీజీనే పిలుస్తోంది. "గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ జీపీజీ.ప్రోగ్రాం" ఏమంటుందో చూడండి, ఎప్పుడో /యూఎస్ఆర్/బిన్/జీపీజీ అని పెట్టి ఉంటారు. దాన్ని /యూఎస్ఆర్/లోకల్/గ్నూపీజీ24/బిన్/జీపీజీ చేయండి.

జరిగింది ఇది. కామన్.కాన్ఫ్ లో యూజ్-కీబాక్స్‌డీ పెట్టిన దగ్గర్నుంచి కొత్త జీపీజీ పబ్లిక్ కీలని పబ్లిక్-కీస్.డీ లోని పబ్‌రింగ్.డీబీ లో రాస్తోంది. 2.2.27 కి ఆ డేటాబేస్ చదవడం రాదు, అది పాత పబ్‌రింగ్.కేబీఎక్స్ నే చూస్తోంది. మారేటప్పుడు మీరు పాత ఫైలు నుంచి ఎగుమతి చేసి దిగుమతి చేశారు కాబట్టి పాత కీలు రెండు చోట్లా ఉన్నాయి, కొత్తవి ఒక్క చోటే. సీక్రెట్ కీలు ఏజెంట్ దగ్గర ఉంటాయి కాబట్టి వాటికి ఈ చీలిక లేదు.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. "కీ లేదు" అంటే మనకి తెలుస్తుంది. కానీ ఎవరిదైనా కీ రివోక్ అయిందనుకోండి, ఆ కబురు కొత్త డేటాబేస్‌కి మాత్రమే చేరుతుంది. పాత జీపీజీని పిలిచే ప్రోగ్రాం ఏదైనా మిగిలి ఉంటే, రద్దయిన కీతో చేసిన సంతకాన్ని బాగుందనే చెబుతుంది. అందుకే గిట్ ఒక్కటే కాదు, మీ మెయిల్ ప్రోగ్రాం, బ్యాకప్ స్క్రిప్టులు, క్రాన్‌లో (వేళకి తానే నడిచే పనుల పట్టీలో) ఉన్నవి అన్నీ వెతకండి. క్రాన్‌కి మీ .ప్రొఫైల్ తెలియదు, అక్కడ పూర్తి దారి రాయాలి. అంతా మారాక పాత పబ్‌రింగ్.కేబీఎక్స్ పేరు మార్చి పక్కన పెట్టండి. ఇంకా ఏదైనా పాతదాన్ని పిలుస్తుంటే వెంటనే ఎర్రర్ ఇచ్చి తానే బయటపడుతుంది.

గోదారిగట్టు

గిట్ సరైంది. పేరు మార్చగానే ఇంకోటి దొరికింది: రాత్రి బ్యాకప్ ఎన్‌క్రిప్ట్ చేసే క్రాన్ స్క్రిప్టు. అందులో ఉత్త "జీపీజీ" అని ఉంది. పూర్తి దారి రాశాను. ఆ బ్యాకప్ ఫైలుని వేరే మిషన్ మీద డీక్రిప్ట్ చేసి మరీ చూశాను, తెరుచుకుంది.

గ్నూపీజీ ప్రకటనల మెయిలింగ్ లిస్టులో చేరాను. ఆఫీసులో ఈ మిషన్ చూసే ఇంకో అబ్బాయి మెయిల్ కూడా చేర్పించాను, నేను సెలవులో ఉన్నా కబురు తెలియాలని.

నల్లమల

సంతోషం. ఆ లిస్టులో లిబ్‌జీక్రిప్ట్, లిబ్‌కేఎస్‌బీఏ ప్రకటనలు కూడా వస్తాయి, వాటిని దాటేయకండి. 2022 లో లిబ్‌కేఎస్‌బీఏలో ఇంటిజర్ ఓవర్‌ఫ్లో బయటపడింది, 1.6.2 లో సరిచేశారు. గ్నూపీజీ వర్షన్ ఒక్కటే చూసుకుంటూ కూర్చున్నవాళ్లకి అది తెలిసి ఉండదు. లైబ్రరీ మారితే స్పీడోతో మొత్తం మళ్లీ కట్టడమే మేలు.

పల్లెసీమ

ఈ థ్రెడ్ చూస్తూ నేనూ కట్టాను, నడుస్తోంది. సాకెట్లు మాస్క్ చేసే దగ్గర డిర్‌మంగర్ మర్చిపోతే దానికీ అదే "పాతది" హెచ్చరిక వచ్చింది. ఎవరికైనా వస్తే చూసుకోండి.

శ్రావ్య_ఎం

గోదారిగట్టు గారూ, ఒక్క విషయం ఎక్కడైనా రాసి పెట్టుకోండి. స్కానర్ సమస్య తీరి మీరు 24.04 కి మారిన రోజున ఇవన్నీ వెనక్కి తిప్పాలి: మాస్క్ చేసిన యూనిట్లని అన్‌మాస్క్ చేయాలి, .ప్రొఫైల్ లో పాత్ వరుస, గిట్‌లో జీపీజీ.ప్రోగ్రాం, క్రాన్‌లో పూర్తి దారి తీసేయాలి. అక్కడ కీబాక్స్‌డీ వేరే ప్యాకేజీగా ఉంది, అది ఇన్‌స్టాల్ చేయకుండా జీపీజీ నడిపితే కీలు ఒక్కటీ కనపడవు. కీలు పోలేదు, డీమన్ లేదంతే. ముందు ఆ ప్యాకేజీ వేసి, జాబితా వచ్చిందని చూసుకుని, అప్పుడు /యూఎస్ఆర్/లోకల్/గ్నూపీజీ24 డైరెక్టరీ తీసేయండి.